తుప్పు పడితే వేడి పుడుతుందా? పాపకు రెండు మార్కులు కట్ చేశారు

కూకట్‌పల్లి_అమ్మ
మా పాప ఎనిమిదో తరగతి. మొన్న యూనిట్ టెస్టులో ఒక ప్రశ్న వచ్చింది. కొవ్వొత్తి మండడం, పొడి సున్నంలో నీళ్లు పోయడం, ఇనుము తుప్పు పట్టడం, బట్టీలో సున్నపురాయిని కాల్చడం, ఈ నాలుగింటిలో ఉష్ణమోచక చర్యలు, అంటే వేడిని బయటికి ఇచ్చేవి, ఏవి అని. పాప మొదటి మూడింటికీ టిక్ పెట్టింది. తుప్పు తప్పని రెండు మార్కులు తీసేశారు. పాప వెళ్లి అడిగితే "మీ ఇంటి గేటు తుప్పు పట్టింది కదా, ఎప్పుడైనా ముట్టుకుంటే వేడిగా ఉందా?" అన్నారట. క్లాసంతా నవ్విందట.

ఇంటికొచ్చి బ్యాగు కూడా దించకుండా గేటు దగ్గరికెళ్లి తుప్పు పట్టిన చోట అరచెయ్యి ఆనించి చూసింది. సాయంత్రం ఆరు, చల్లగానే ఉంది. "అమ్మా, మరి నేను తప్పేనా?" అంది. నేను చదివింది బీకాం. ఏం చెప్పాలో తెలియలేదు. ఎవరైనా పిల్లకి అర్థమయ్యేలా చెప్పండి.

మౌలాలి_వర్క్‌షాప్
పాపదే కరెక్టు. ఇనుము, గాలిలోని ఆక్సిజన్, తేమ కలిస్తేనే తుప్పు. అందులో వేడి పుడుతుంది. మార్కులు వెనక్కి అడగండి.

ఇరానీ_చాయ్
మే నెల మధ్యాహ్నం రెండింటికి వెళ్లి గేటు పట్టుకోమనండి, వేడి తెలుస్తుంది 😀

అత్తాపూర్_అత్తయ్య
ఇరానీ చాయ్, పిల్ల బాధపడుతుంటే జోకులా నాయనా. అది ఎండ వేడి. నాకూ నిజంగా డౌటే. వేడి పుడితే చేతికి తెలియాలి కదా? సున్నంలో నీళ్లు పోస్తే డ్రమ్ము పక్కన నిలబడలేం. మరి తుప్పు అంత నిమ్మళంగా ఎందుకుంటుంది?

తార్నాక_ల్యాబ్‌కోటు
అత్తయ్య గారూ, ఆ "నిమ్మళంగా" అన్న మాటలోనే జవాబు ఉంది. మొత్తం ఎంత వేడి వస్తుంది అనేది ఒక ప్రశ్న. ఎంత త్వరగా వస్తుంది అనేది ఇంకో ప్రశ్న. ఈ రెండూ కలిపేస్తేనే తిప్పలు.

లెక్క వేసి చూపిస్తాను, పాపతో కూడా వేయించండి. ఒక గ్రాము ఇనుము పూర్తిగా తుప్పుగా మారితే సుమారు 7 కిలోజౌళ్ల వేడి వస్తుంది. తక్కువేం కాదు. పెద్ద గ్లాసులో సగానికి, అంటే 100 మిల్లీలీటర్లు నీళ్లు తీసుకుంటే, వాటి వేడిని దాదాపు 17 డిగ్రీలు పెంచగలదు.

ఇప్పుడు మీ గేటు. ఏడాదిలో 10 గ్రాముల ఇనుము తుప్పుగా మారిందనుకుందాం. మొత్తం వేడి 70 వేల జౌళ్ల పైనే. కానీ ఏడాదికి సుమారు 3 కోట్ల 15 లక్షల సెకన్లు. భాగిస్తే సెకనుకు 0.0023 జౌళ్లు. మన ఇళ్లలో 9 వాట్ల ఎల్ఈడీ బల్బు సెకనుకు 9 జౌళ్లు వాడుతుంది. అంటే ఆ బల్బులో దాదాపు నాలుగు వేలో వంతు, అదీ గేటు పొడవునా పంచుకోవాలి. పుట్టిన వేడి పుట్టినట్టే గాలిలోకి పోతుంది. పాప చెయ్యికే కాదు, మామూలు థర్మామీటర్‌కీ దొరకదు.

వేడి పుట్టింది. పోగుపడలేదు. అంతే తేడా.

కూకట్‌పల్లి_అమ్మ
పాప కాలిక్యులేటర్ తీసుకుని కూర్చుంది. 0.0023 వచ్చిందని అరుస్తోంది. చాలా థాంక్సండీ.

మౌలాలి_వర్క్‌షాప్
లెక్క బాగుంది సార్. కానీ క్లాసులో పిల్లని నవ్వులపాలు చేయడం మాత్రం ఏం బాగాలేదు. టీచరే తెలుసుకోకపోతే ఎలా?

పాఠాల_పంతులు
వర్క్‌షాప్ గారూ, నవ్వించడం తప్పే, దాన్ని నేను వెనకేసుకురాను. కానీ పందొమ్మిదేళ్లుగా హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతున్నాను. ఈ పొరపాటు ఆ ఒక్క టీచరుది కాదు, అందరం పాఠం చెప్పే తీరులోనే ఉంది. ఉష్ణమోచకం అనగానే ఏం చూపిస్తాం? మెగ్నీషియం రిబ్బను, సున్నం, టపాకాయ. అన్నీ క్షణాల్లో అయిపోయేవే. అవి చూసీ చూసీ పిల్లల మనసులో "వేడి ఇచ్చేది అంటే వేగంగా జరిగేది" అని పడిపోతుంది. వాళ్లే పెద్దయ్యి టీచర్లవుతారు.

నేను ఈమధ్య నాలుగు గళ్ల పట్టిక గీయిస్తున్నాను. వేడి ఇచ్చేవి, తీసుకునేవి ఒక వైపు. త్వరగా జరిగేవి, నెమ్మదిగా జరిగేవి ఇంకో వైపు. నాలుగు గళ్లూ వాళ్లే నింపాలి. "వేడి ఇస్తుంది, కానీ నెమ్మది" అన్న గడి దగ్గరకు వచ్చేసరికి క్లాసు నిశ్శబ్దమైపోతుంది. తుప్పు ఆ గడిలోదే.

ఇరానీ_చాయ్
జోకు పక్కన పెడితే, తుప్పు వేడి నేను చేత్తో పట్టుకున్నాను. నిజంగానే. పోయిన జనవరిలో మనాలి వెళ్లాం. అక్కడ కొట్లో చేతులు వెచ్చబెట్టుకునే చిన్న ప్యాకెట్లు అమ్ముతారు. పైన కవరు చింపి, ప్యాకెట్‌ని కాస్త ఊపి జేబులో వేసుకోవడమే. పావుగంటలో వెచ్చబడింది. పొద్దున ఎనిమిదింటికి తెరిస్తే మధ్యాహ్నం దాటినా వెచ్చగానే ఉంది. కవరు మీద ఏముందో చదివాను. ఇనుప పొడి, ఉప్పు, బొగ్గు, నీళ్లు.

మర్నాడు చూస్తే ఇటుక ముక్కలా గట్టిపడిపోయింది. బ్లేడుతో కోసి చూశాను. లోపలంతా గోధుమరంగు పొడి. అప్పుడు ఏదో కెమికల్ అనుకుని పారేశాను. ఇప్పుడు ఈ థ్రెడ్ చదువుతుంటే వెలిగింది, అది తుప్పే కదా?

తార్నాక_ల్యాబ్‌కోటు
అచ్చంగా తుప్పే! ఈ థ్రెడ్‌కి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. గేటులో ఉన్న ఇనుమే, గాలిలో ఉన్న ఆక్సిజనే. గ్రాముకి వచ్చే వేడీ అదే. కానీ గేటుకి గాలి తగిలేది పైపొర ఒక్కటే. అదే ఇనుమును మెత్తని పొడి చేస్తే ప్రతి రేణువుకూ గాలి తగులుతుంది. ఉప్పు నీళ్లు తుప్పు పని త్వరగా జరిగేలా చేస్తాయి. బొగ్గు కూడా అందుకే. ఏళ్లు పట్టేది గంటల్లో అయిపోతుంది కాబట్టి వేడి చేతికి తెలుస్తుంది.

ప్యాకెట్‌కి గాలి చొరని కవరు ఎందుకో పాపని అడగండి.

కూకట్‌పల్లి_అమ్మ
అడిగాను. "కవరులో ఆక్సిజన్ ఉండదు కాబట్టి తుప్పు మొదలవ్వదు" అంది వెంటనే. నాకు కళ్లలో నీళ్లొచ్చాయి నిజం చెప్పాలంటే.

ఇప్పుడు ఇంకో ప్రశ్న పుట్టించుకుంది. గ్యాస్ మండితే వేడి వస్తుంది కదా, మరి వెలిగించడానికి లైటర్ ఎందుకు? వేడి ఇచ్చేదానికి ముందు మనం వేడి ఎందుకు ఇవ్వాలి?

బీటెక్_సెకండియర్
ఇది నేను చెప్తా అక్కా. దాన్ని ఉత్తేజన శక్తి అంటారు. మొత్తం మీద దిగువకే వెళ్లే దారి, కానీ మొదట్లో ఒక మిట్ట ఉంటుంది. మిట్ట ఎక్కితేనే అటువైపు దొర్లేది. లైటర్ నిప్పురవ్వ కొన్ని అణువులను మిట్ట ఎక్కిస్తుంది. అవి మండి ఇచ్చిన వేడితో పక్కవి ఎక్కుతాయి. ఇక ఆగదు. అందుకే ఒక్క రవ్వ చాలు, వంట అయ్యేదాకా లైటర్ నొక్కుతూ కూర్చోనక్కర్లేదు.

తను ఖర్చవకుండా చర్యను త్వరగా జరిపించే పదార్థాన్ని ఉత్ప్రేరకం అంటారు. అది దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి లాంటిది. 2020లో అది తెరిచాక జూబ్లీహిల్స్ నుంచి హైటెక్ సిటీ వైపు ఇంకో దారి వచ్చింది. బయల్దేరే చోటు మారలేదు, చేరే చోటు మారలేదు. అలాగే ఉత్ప్రేరకం వాడినా చర్యలో వచ్చే వేడి మారదు, మిట్ట ఎత్తు తక్కువున్న దారి దొరుకుతుంది.

ఇక వేడి ఎక్కడి నుంచి వస్తుందంటే, గ్యాస్‌లో పరమాణువులను కలిపి ఉంచే బంధాలు తెగినప్పుడు లోపల దాగున్న శక్తి బయటికి వస్తుంది.

ఇరానీ_చాయ్
శనివారం సాయంత్రం ఆ బ్రిడ్జి మీద నిలబడ్డావా తమ్ముడూ? అది ఉత్ప్రేరకం కాదు, ఫ్రిజ్ 😀

పాఠాల_పంతులు
బీటెక్ బాబూ, మిట్ట మాట, బ్రిడ్జి మాట చాలా బాగున్నాయి. రేపు క్లాసులో వాడతాను. కానీ చివరి లైను తప్పు. బంధం తెగాలంటే ఎప్పుడూ శక్తి పెట్టాల్సిందే. బంధం ఏర్పడినప్పుడే శక్తి వస్తుంది.

రెండు అయస్కాంతాలు తీసుకో. విడదీయాలంటే నువ్వు లాగాలి, నీ కండ ఖర్చు. దగ్గరికి తెస్తే టప్‌మని అవే అతుక్కుంటాయి, చప్పుడుతో సహా. గ్యాస్ మండేటప్పుడు పాత బంధాలు తెంచడానికి కొంత పెట్టుబడి పెడతాం. కార్బన్, హైడ్రోజన్ వెళ్లి ఆక్సిజన్‌తో గట్టి బంధాలు వేసుకున్నప్పుడు అంతకన్నా ఎక్కువ రాబడి వస్తుంది. ఆ లాభమే మనకు మంట.

బీటెక్_సెకండియర్
సార్, మాకు ఇంటర్‌లో బయాలజీ ఫ్రెండ్స్ అందరూ ఏటీపీలో, అంటే మన కణాలకు శక్తిని అందించే అణువులో, బంధం తెగితేనే శరీరానికి శక్తి అని చదివారు. అది అబద్ధమా?

తార్నాక_ల్యాబ్‌కోటు
అబద్ధం అనను, సగం మాట. ఏటీపీ నీటితో చర్య జరుపుతుంది. ఒక బలహీనమైన బంధం తెగుతుంది, దానికీ కొంత శక్తి పెట్టాలి. బదులుగా ఏర్పడే కొత్త బంధాలు, ఆ తర్వాత నీటి అణువులు చుట్టూ చేరడం, ఇవన్నీ కలిపి ఇచ్చేది ఎక్కువ. మిగులే మనకు దక్కేది. "తెగితే వస్తుంది" అని పొట్టిగా చెప్పేసరికి పిల్లల తలలో తలకిందులుగా స్థిరపడిపోతుంది.

ఏటీపీ మాట వచ్చింది కాబట్టి, పాపకు ఒక విషయం చెప్పండి. దాన్ని 1929లో కనుగొన్నవారిలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఉన్నారు. అమెరికాలో హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి పనిచేసేవారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా విడిగా కనుగొన్నారు. కండరం కదలడానికి శక్తి ఎక్కడిదన్న ప్రశ్నకు జవాబు వెతికినవాళ్లలో మనవాడు ఉన్నాడని తెలిస్తే పిల్లలు పాఠం ఇంకోలా చదువుతారు.

పొలం_సూర్యాపేట
వేడి గురించే మాట్లాడుతున్నారు, చల్లబడేది కూడా చెప్పండి. మా నాన్న పొలంలో యూరియా కొట్టేటప్పుడు ముందు ఒక బకెట్‌లో నాలుగైదు కిలోలు కరిగించి, తర్వాత స్ప్రేయర్ ట్యాంకుల్లోకి పంచేవారు. చిన్నప్పుడు ఆ బకెట్‌లో కర్ర తిప్పే పని నాది. తిప్పుతుంటే బకెట్ చల్లగా అయిపోయేది. ఎండాకాలంలో అయితే బకెట్ బయట చెమటలు పట్టేవి, ఫ్రిజ్‌లోంచి తీసిన బాటిల్‌లా. యూరియాలో చలి ఉంటుంది అనుకునేవాణ్ణి.

కూకట్‌పల్లి_అమ్మ
పాప అడుగుతోంది, ఆ బకెట్‌లో వేడి ఎటు పోయింది అని.

పాఠాల_పంతులు
యూరియా గింజల్లో అణువులు ఒకదానికొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి. వాటిని విడదీయాలంటే శక్తి కావాలి. నీళ్లు వాటి చుట్టూ చేరినప్పుడు కొంత తిరిగి వస్తుంది గానీ సరిపోదు. మిగతాది నీళ్ల వేడిలోంచే లాక్కుంటుంది. నీళ్లు చల్లబడతాయి, బకెట్ చల్లబడుతుంది, బయటి గాలిలో తేమ దాని మీద చుక్కలవుతుంది. అంటే పొలం గారు చూసిన చెమట గాలిది, బకెట్‌ది కాదు.

నిజానికి కరగడం రసాయన చర్య కాదు, కాబట్టి పరీక్షలో ఉదాహరణ రాయాలంటే వేరేది చెబుతాను. నిమ్మరసంలో వంట సోడా వేసి థర్మామీటర్ పెట్టండి. బుసబుసమని నురగ వస్తూనే ఉష్ణోగ్రత దిగుతుంది. ఆ నురగ చూసి పిల్లలందరూ వేడెక్కుతుందనే పందెం కాస్తారు. నేను ప్రతి ఏడూ గెలుస్తాను. ఇది నా పట్టికలో "వేడి తీసుకుంటుంది, కానీ వేగం" గడి.

అత్తాపూర్_అత్తయ్య
ఇది నేను ఇప్పుడే చేశా. గ్లాసు చెంపకి ఆనిస్తే చల్లగా తగిలింది! అరవై ఏళ్లొచ్చాయి, ఇన్నాళ్లూ గమనించనే లేదు.

పొలం_సూర్యాపేట
సున్నం మాట మొదట్లోనే వచ్చింది కదా, అది కూడా చెప్తా. సంక్రాంతికి ముందు ఇంటికి సున్నం వేయడానికి తాత పాత నూనె డ్రమ్ములో రాళ్ల సున్నం పోసి నీళ్లు వదిలేవాడు. రెండు నిమిషాలు ఏమీ ఉండదు. తర్వాత రాళ్లు టప్‌టప్‌మని పగలడం మొదలు. ఆవిరి లేచి కుతకుత ఉడికేది, కింద పొయ్యి లేకుండానే. మమ్మల్ని దగ్గరికి రానిచ్చేవాడు కాదు. ఒకసారి మా చిన్నాన్న వంగి చూస్తే ఒక చుక్క ఎగిరి కనురెప్ప మీద పడింది. బావి దగ్గరికి లాక్కెళ్లి అరగంట సేపు నీళ్లతో కడిగారు. కన్ను దక్కింది. మచ్చ ఇప్పటికీ ఉంది. కాబట్టి పిల్లల చేత ఇంట్లో సున్నం ప్రయోగం మాత్రం చేయించకండి.

తార్నాక_ల్యాబ్‌కోటు
పొలం గారు చెప్పినది అక్షరాలా పాటించండి.

ఆ డ్రమ్ములో వేడి ఎక్కడిదో తెలిస్తే మాత్రం ముచ్చటేస్తుంది. అసలది బట్టీలో పెట్టిన వేడే. 100 గ్రాముల సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల దగ్గర కాలిస్తే, బొగ్గుపులుసు వాయువు పోయి పొడి సున్నం మిగులుతుంది. ఆ మార్పు 178 కిలోజౌళ్లు తీసుకుంటుంది. అంటే ఉష్ణగ్రాహకం, పాప నాలుగోదానికి టిక్ పెట్టకపోవడం కరెక్టు. ఆ సున్నంలో నీళ్లు పోస్తే సుమారు 65 తిరిగి వస్తుంది, తాత గారి డ్రమ్ము ఉడికింది అందుకే. మరి మిగతా 113 ఏమైంది?

గోడ మీద వస్తుంది. వేసిన సున్నం గాలిలోంచి బొగ్గుపులుసు వాయువును మళ్లీ పీల్చుకుని, మెల్లగా సున్నపురాయిగా మారుతుంది. అప్పుడు ఆ 113 బయటికి వస్తుంది. 65, 113 కలిపితే 178. పైసా పోలేదు. ఏ దారిన వెళ్లినా లెక్క ఒకటే అని 1840లో హెస్ అనే రసాయన శాస్త్రవేత్త చెప్పినది ఇదే.

1591లో చార్మినార్ కట్టినప్పుడు వాడింది డంగు సున్నమే. ఆ సున్నం గట్టిపడడం కూడా ఉష్ణమోచక చర్యే. కానీ గోడ లోపలి దాకా గాలి చేరాలి కాబట్టి నెలలు, ఏళ్లు పడుతుంది. చార్మినార్ గోడ మీద చెయ్యి పెట్టి ఎవరూ వెచ్చగా ఉందనుకుని ఉండరు. పాప గేటు లాంటిదే.

మౌలాలి_వర్క్‌షాప్
చార్మినార్ మాట ఆ టీచర్‌కి చెప్పాలి.

అత్తాపూర్_అత్తయ్య
వేగం గురించి వంటింట్లో రోజూ చూసేది నేను చెప్పనా. మే నెలలో పాలు తోడేస్తే నాలుగు గంటల్లో గడ్డ పెరుగు. డిసెంబరులో రాత్రి తోడేసి గిన్నెకి తువ్వాలు చుట్టి బియ్యం డబ్బాలో పెట్టినా పొద్దుటికి నీళ్లలా ఉంటుంది. కందిపప్పు గిన్నెలో గంట, కుక్కర్‌లో మూడు నాలుగు విజిల్స్. అంతా వేడి మహిమే కదా?

బీటెక్_సెకండియర్
అవును. పది డిగ్రీలు పెరిగితే చర్యా వేగం సుమారు రెట్టింపు. కుక్కర్‌లో నీళ్లు 120 డిగ్రీల దగ్గర మరుగుతాయి. 100 కంటే 20 ఎక్కువ, అంటే రెట్టింపుకి రెట్టింపు, నాలుగు రెట్లు. ఎందుకంటే వేడికి అణువులు రెండింతల వేగంతో పరిగెత్తి గుద్దుకుంటాయి.

తార్నాక_ల్యాబ్‌కోటు
కుక్కర్ లెక్క ఉజ్జాయింపుగా సరే. "రెండింతల వేగం" మాత్రం కాదు బాబూ. 25 డిగ్రీల నుంచి 35కి వెళితే అణువుల సగటు వేగం పెరిగేది రెండు శాతం లోపే. గుద్దుకోవడాలూ దాదాపు అంతే పెరుగుతాయి. మరి చర్య రెట్టింపు ఎందుకవుతుంది? నువ్వు చెప్పిన మిట్ట గుర్తుందా? గుద్దుకున్న ప్రతి జంటా మిట్ట ఎక్కలేదు. బాగా ఊపు ఉన్న కొన్నే ఎక్కుతాయి. సగటు కొంచెం పెరిగినా ఆ "బాగా ఊపు ఉన్నవాళ్ల" సంఖ్య రెట్టింపు కావచ్చు. 1889లో అరీనియస్ అనే రసాయన శాస్త్రవేత్త దీనికి సమీకరణం ఇచ్చాడు. పది డిగ్రీలకు రెట్టింపు అనేది కూడా అన్ని చర్యలకూ కాదు, మిట్ట ఎత్తును బట్టి మారుతుంది.

అత్తాపూర్_అత్తయ్య
అయితే మరీ వేడి పాలల్లో తోడేస్తే ఇంకా త్వరగా తోడుకోవాలి కదా? ఎందుకు తోడుకోదు?

పాఠాల_పంతులు
మంచి ప్రశ్న వేశారు. పెరుగు చేసేది బ్యాక్టీరియా. గోరువెచ్చగా ఉంటే అవి త్వరగా పెరుగుతాయి, వాటి ఎంజైములూ చురుగ్గా పనిచేస్తాయి. ఎంజైము కూడా ఉత్ప్రేరకమే, కానీ ప్రోటీన్‌తో చేసింది. మరిగే పాలలో వేస్తే బ్యాక్టీరియా చస్తాయి, ఎంజైము ఆకారం చెడిపోతుంది. ఉడికిన గుడ్డు మళ్లీ పచ్చి గుడ్డు కాదు కదా, అలాగే.

పాపకు చూపించాలంటే మెడికల్ షాపులో హైడ్రోజన్ పెరాక్సైడ్ తెచ్చి, మీరు దగ్గరుండి రెండు గ్లాసుల్లో కొంచెం పోయండి. ఒకదానిలో పచ్చి బంగాళాదుంప ముక్క, ఇంకోదానిలో ఉడికించినది వేయండి. పచ్చిదాని చుట్టూ నురగ లేస్తుంది. ఉడికినదాని దగ్గర దాదాపు ఏమీ ఉండదు. చేతులకు గ్లవుజులు, కళ్లకు అద్దాలు ఉండాలి.

కూకట్‌పల్లి_అమ్మ
ఆదివారం మా వంటిల్లు ల్యాబ్ అయిపోయేలా ఉంది. కానీ పాపకు తుప్పు వేడే చూడాలట. ఆ ప్యాకెట్లు హైదరాబాద్‌లో ఎక్కడ దొరుకుతాయి? లేదా ఇంట్లో చేసే దారి ఉందా?

తార్నాక_ల్యాబ్‌కోటు
ప్యాకెట్ అక్కర్లేదు. సన్నటి ఇనుప పీచు తీసుకోండి. వెనిగర్‌లో ఒక నిమిషం నానబెట్టండి, పైన నూనె పూత ఉంటే పోతుంది. గట్టిగా పిండి, థర్మామీటర్ బుడ్డి చుట్టూ చుట్టి, సీసాలో పెట్టి మూత వేయండి. మూత మర్చిపోవద్దు, తడి ఆరిపోతుంటే చల్లబడి లెక్క చెడుతుంది. జ్వరం చూసే థర్మామీటర్ పనికిరాదు. కోఠిలో ల్యాబ్ సామాను అమ్మే కొట్లలో మామూలుది దొరుకుతుంది. నిమిషానికోసారి రాసుకోమనండి.

కూకట్‌పల్లి_అమ్మ
చేశాం. ఏమీ కాలేదు. 29 డిగ్రీలు, పది నిమిషాల తర్వాతా 29. పాప ముఖం చిన్నబోయింది.

మౌలాలి_వర్క్‌షాప్
ఏ పీచు వాడారు? గిన్నెలు తోమేదా?

కూకట్‌పల్లి_అమ్మ
అవునండీ, మెరిసే చుట్టలుగా ఉంటుంది కదా, అదే.

మౌలాలి_వర్క్‌షాప్
అది స్టెయిన్‌లెస్ స్టీల్ అమ్మా. తుప్పు పట్టకుండా ఉండటానికే దాన్ని చేస్తారు, అందులో క్రోమియం ఉంటుంది. సింకులో నెలల తరబడి తడిలో ఉన్నా చెడదు, గమనించారా? రాణిగంజ్ హార్డ్‌వేర్ షాపుల్లో చెక్కకి పాలిష్ పెట్టేవాళ్లు వాడే ఇనుప పీచు అడగండి. జుట్టులా మెత్తగా, బూడిద రంగులో ఉంటుంది. అయస్కాంతం పెడితే గట్టిగా అతుక్కుంటుంది.

తార్నాక_ల్యాబ్‌కోటు
పాత పీచు పారేయకండి. రెండో సీసాలో అదే పెట్టి పక్కపక్కన చూడండి. పోల్చడానికి అంతకన్నా మంచిది లేదు. పాప మొదటి ప్రయోగం వృథా కాలేదు.

కూకట్‌పల్లి_అమ్మ
ఈ ఆదివారం రెండు సీసాలతో చేశాం. పాప నోట్‌బుక్‌లోది ఉన్నదున్నట్టు రాస్తున్నాను. ఇనుప పీచు సీసా: మొదట 28, రెండో నిమిషానికి 29, నాలుగుకి 30న్నర, ఆరుకి 31న్నర, పదికి 32. స్టెయిన్‌లెస్ సీసా: 28, 28, 28, 28, 28.

31 దాటినప్పుడు సీసా వదిలి ఇల్లంతా పరిగెత్తింది. వాళ్ల నాన్న టీవీ కట్టేసి వచ్చి కూర్చున్నారు.

బీటెక్_సెకండియర్
సూపర్! కానీ ఒక డౌట్. వెనిగర్ ఆమ్లం కదా, అది ఇనుముతో చర్య జరిపినా వేడి వస్తుంది. ఆ నాలుగు డిగ్రీలూ తుప్పువే అని ఎలా చెప్పగలం?

తార్నాక_ల్యాబ్‌కోటు
అడగాల్సిన ప్రశ్న అదే, శభాష్. తేల్చే దారి ఉంది. ఆమ్లం, ఇనుము కలిస్తే హైడ్రోజన్ వాయువు పుడుతుంది, అంటే వాయువు పెరగాలి. తుప్పు అయితే ఆక్సిజన్ ఖర్చవుతుంది, వాయువు తగ్గాలి. వెనిగర్‌లో నానిన పీచును మంచినీళ్లతో కడిగి, గాజు గ్లాసు అడుగున ఇరికించి, నీళ్ల పళ్లెంలో బోర్లించండి. రాత్రంతా వదిలేయండి. గ్లాసులో నీళ్లు ఎటు వెళ్తాయో చూడండి.

కూకట్‌పల్లి_అమ్మ
పొద్దున ఐదున్నరకే లేపేసింది. గ్లాసులో నీళ్లు పైకి ఎక్కాయి! స్కేలు పెట్టి కొలిచింది. గ్లాసు ఎత్తు 10 సెంటీమీటర్లు, నీళ్లు దాదాపు 2 సెంటీమీటర్లు. పీచు మీద నారింజ రంగు మచ్చలు.

పాఠాల_పంతులు
ఐదో వంతు! గాలిలో ఆక్సిజన్ 21 శాతం. ఇనుము దాన్ని తినేసిందన్నమాట. మా పిల్లలకు ఈ అంకెలు చూపించవచ్చా?

కూకట్‌పల్లి_అమ్మ
పాపే "చూపించమను" అంది సార్. అసలు సంగతి చెప్పాలి. నోట్‌బుక్, రెండు సీసాలు తీసుకుని టీచర్ దగ్గరికి వెళ్లింది. గొడవ పెట్టుకోవద్దని చెప్పి పంపాను. లంచ్ టైంలో ల్యాబ్‌లో మళ్లీ చేయించారట. థర్మామీటర్ టీచరే పట్టుకుని చూశారట. 31 దాకా వెళ్లింది. ఆవిడ కాసేపు ఏమీ అనలేదట. తర్వాత "రేపు క్లాసులో నువ్వే చేసి చూపించు" అన్నారట. మార్కుల సంగతి ఇంకా తేలలేదు, పాప దాని గురించి అడగడం కూడా మానేసింది.

మౌలాలి_వర్క్‌షాప్
ఆ టీచర్ మీద మొదట కోపంగా రాశాను. పిల్ల చూపించిందని తనూ చేసి చూశారు కదా, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

ఒక జాగ్రత్త. మిగిలిన ఇనుప పీచు ఎక్కడ పెట్టారు? 9 వోల్టుల బ్యాటరీ ఉన్న డ్రాయర్‌లో మాత్రం పెట్టకండి. బ్యాటరీ రెండు మొనలూ దానికి తగిలితే పీచు ఎర్రగా కాలుతూ అంటుకుంటుంది. మా వర్క్‌షాప్‌లో ఒకసారి పాత గుడ్డలకు నిప్పు అంటింది అలాగే.

బీటెక్_సెకండియర్
అదే ఇనుము, అదే ఆక్సిజన్. గేటుకి ఏళ్లు, ప్యాకెట్‌కి గంటలు, దానికి సెకన్లు!

కూకట్‌పల్లి_అమ్మ
అయ్యో, పాప ఆట సామాను డ్రాయర్‌లోనే ఉంది, బ్యాటరీల పక్కనే. ఇప్పుడే తీసి మూత ఉన్న రేకు డబ్బాలో పెట్టాను.